400 కాపీల పత్రికను చూసి రాష్ట్రాలు ఎందుకు వణికాయి?

మీ ప్రశ్న ఇది: "అమెరికా దక్షిణాదిలో బానిసలకు చదువు రాదు, చాలా రాష్ట్రాల్లో నేర్పితే నేరం. అక్కడి తెల్లవాళ్లు బానిసత్వాన్ని తిట్టే పత్రికలు కొనరు. ఉత్తరాదిలో కూడా వాటిలో పేరున్న 'ది లిబరేటర్'కు చందాదారులు మూడు వేలకు అటూ ఇటూ. మరి ఈ పత్రికల గురించి చరిత్రలో అంత గొప్పగా ఎందుకు రాస్తారు? అసలు ఎవరు చదివారని?"

నేను తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్‌గా, అంటే అచ్చు అక్షరాలు పేర్చేవాడిగా, పని మొదలుపెట్టాను. తర్వాత చాలా ఏళ్లు జర్నలిజం విద్యార్థులకు పత్రికల చరిత్ర చెప్పాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. వాళ్లకు చెప్పిందే మీకూ చెబుతాను: ఎంతమంది కొన్నారన్న లెక్క కాసేపు పక్కన పెట్టి, వాటిని ఆపడానికి అవతలివాళ్లు ఏమేం చేయాల్సొచ్చిందో చూడండి. ఆపబోయిన ప్రతిసారీ ఆ పత్రికలు ఇంకాస్త దూరం వెళ్లాయి.

'ది లిబరేటర్' మొదటి సంచిక 1831 జనవరి 1న బోస్టన్‌లో వచ్చింది. ఎడిటర్ విలియం లాయిడ్ గారిసన్ వయసు అప్పటికి 25. భాగస్వామి ఐజాక్ నాప్. ఇద్దరి దగ్గరా డబ్బు లేదు. కాగితం అప్పు మీద తెచ్చారు. టైపు, అంటే సీసపు అచ్చు అక్షరాలు, వేరే ప్రెస్సుది. ఆ ప్రెస్సుకు పని చేసిపెట్టి, ఆ కూలికి బదులుగా టైపు వాడుకున్నారు. నాలుగు పేజీలు, సుమారు 400 కాపీలు.

చేతి ప్రెస్సు మీద ఇద్దరు మనుషులు, ఒకరు సిరా పూస్తూ ఒకరు మీట లాగుతూ, గంటకు 200 నుంచి 250 షీట్లు ఒకవైపు అచ్చు వేయగలరు. నాలుగు పేజీలంటే ఒకే పెద్ద షీటు, రెండువైపులా అచ్చు, మధ్యకు మడత. 400 కాపీలకు 800 ఇంప్రెషన్లు. నాలుగు గంటల పని. అసలు కష్టమంతా కంపోజింగ్‌లో ఉంటుంది. ఒక్కో అక్షరాన్నీ కేసులోంచి, అంటే అక్షరాల అరల పెట్టెలోంచి ఏరి, స్టిక్ అనే చేతి చట్రంలో తిరగేసి పేర్చాలి. గారిసన్ ఈ పనిని పదమూడో ఏట న్యూబరీపోర్ట్‌లో ఒక పత్రికాఫీసులో అప్రెంటిస్‌గా చేరి నేర్చుకున్నాడు. సంపాదకీయాలు చాలాసార్లు కాగితం మీద రాసుకోకుండా నేరుగా స్టిక్‌లోనే పేర్చేసేవాడు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. స్టిక్‌లో పేర్చిన వాక్యాన్ని మార్చాలంటే లైనంతా విప్పాలి. అందుకని చెయ్యి కేసు వైపు వెళ్లేలోపే మాట మనసులో ఖాయమైపోవాలి. మొదటి సంచికలోని ఆ ప్రసిద్ధమైన మాటలు చూడండి: "నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మాట మార్చను. సాకులు చెప్పను. ఒక్క అంగుళం వెనక్కి తగ్గను. నా మాట వినిపించి తీరుతుంది." ఆ వాక్యాలు అంత పొట్టిగా, అంత గట్టిగా ఉండటానికి సీసపు అక్షరాలు కూడా ఒక కారణమని నా నమ్మకం.

ఇక డబ్బు సంగతి. పత్రిక మొదలవుతోందని తెలియగానే ఫిలడెల్ఫియా నుంచి జేమ్స్ ఫోర్టెన్ 27 చందాల కింద 54 డాలర్లు పంపాడు. ఆయన నల్లజాతి వ్యాపారి, ఓడలకు తెరచాపలు కుట్టించే కార్ఖానా యజమాని. ఆ డబ్బే లేకపోతే పత్రిక మొదటి నెల దాటేది కాదేమో. 1834 నాటికి సుమారు 2,300 మంది చందాదారులుంటే, అందులో నాలుగింట మూడు వంతులు ఉత్తరాదిలోని నల్లజాతివాళ్లే. మంగలి షాపుల్లో, చర్చి హాళ్లలో ఒకరు చదివితే పదిమంది వినేవారు. కాబట్టి "ఎవరు చదివారు" అన్నదానికి మొదటి జవాబు ఇదే. పేరు గారిసన్‌ది, మోసింది వీళ్లు.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. చాలా పాఠ్యపుస్తకాలు ఈ కథను 1831 నుంచి మొదలుపెడతాయి. అది తప్పు. 1827 మార్చి 16న న్యూయార్క్‌లో శామ్యూల్ కార్నిష్, జాన్ రస్‌వర్మ్ 'ఫ్రీడమ్స్ జర్నల్' మొదలుపెట్టారు. అమెరికాలో నల్లజాతివాళ్లు సొంతంగా నడిపిన మొదటి పత్రిక అది. మొదటి సంచికలోనే రాశారు: "మా వాదన మేమే వినిపించుకోవాలనుకుంటున్నాం. ఇన్నాళ్లూ మా తరఫున వేరేవాళ్లు మాట్లాడారు." పత్రిక రెండేళ్లే నడిచింది. కానీ దానికి బోస్టన్‌లో ఏజెంటుగా ఉన్న డేవిడ్ వాకర్ అనే పాత బట్టల వ్యాపారి 1829లో ఒక కరపత్రం అచ్చు వేయించాడు. తిరగబడటం మీ హక్కని బానిసలకు నేరుగా చెప్పే రాత అది. ఓడరేవుల మీదుగా, నావికుల చేతుల మీదుగా దక్షిణాదికి వెళ్లింది. ఆ డిసెంబర్‌లో సవానా రేవులో 60 ప్రతులు దొరికాయి. జార్జియా శాసనసభ వెంటనే చట్టం చేసింది. తిరుగుబాటుకు ఉసిగొల్పే రాతలు రాష్ట్రంలోకి తెస్తే మరణశిక్ష. బానిసలకు చదువు రాదని మీరన్నారు. చదివి వినిపించడానికి ఒక్కడుంటే చాలని ఆ చట్టం చేసినవాళ్లకు బాగా తెలుసు.

ఇప్పుడు 'ఎక్స్ఛేంజ్ కాపీ' గురించి. మా రోజుల్లో కూడా చిన్న పత్రికల ఆఫీసుల్లో ఈ మాట వినిపించేది. అమెరికాలో 1792 తపాలా చట్టం ప్రకారం ఒక ఎడిటర్ ఇంకో ఎడిటర్‌కు తన పత్రికను పోస్టులో ఉచితంగా పంపుకోవచ్చు. ఆ కాలంలో వార్తా సంస్థలు లేవు. పక్క ఊరి పత్రికలో వచ్చింది కత్తిరించి తన పత్రికలో వేసుకోవడమే ఎడిటర్ పని. గారిసన్ తన పత్రికను దక్షిణాది ఎడిటర్లకు కూడా పంపేవాడు. వాళ్లు అది చదివి మండిపడి, "చూడండి ఈ దుర్మార్గుడు ఏం రాస్తున్నాడో" అని అతని వాక్యాలను తమ పత్రికల్లో వేసి తిట్టేవారు. ఆ తిట్లను ఉత్తరాది పత్రికలు ఎత్తి వేసేవి. గారిసన్ ఆ తిట్లను మళ్లీ తన పత్రికలోనే, 'అణచివేతకు ఆశ్రయం' అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టి, మొదటి పేజీలో అచ్చు వేసేవాడు. బానిసత్వాన్ని సమర్థించే వాదాలన్నీ వారం వారం వాళ్ల మాటల్లోనే అందులో కనిపించేవి. 400 కాపీల పత్రికలోని ఒక పేరా ఇలా ఎన్ని వేలమంది కళ్లపడేదో ఊహించుకోండి.

1831 ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు జరిగింది. టర్నర్ 'లిబరేటర్' చూశాడనడానికి ఆధారం లేదు. అయినా వర్జీనియా గవర్నర్ తప్పంతా ఉత్తరాది పత్రికల మీద వేశాడు. గారిసన్‌ను పట్టి తెచ్చి, విచారణ జరిపించి శిక్ష పడేలా చేసినవారికి 5,000 డాలర్లు ఇస్తామని జార్జియా శాసనసభ తీర్మానించింది. ఏడాది కూడా నిండని, అప్పుల్లో ఉన్న ఒక వారపత్రిక ఎడిటర్ తల మీద ఒక రాష్ట్రం వెల కట్టింది. అంతకుముందు ఆ పత్రిక పేరే వినని ఊళ్లలో కూడా ఆ వార్తతో దాని పేరు తెలిసింది.

1833 డిసెంబర్‌లో ఫిలడెల్ఫియాలో అమెరికన్ బానిసత్వ వ్యతిరేక సంఘం ఏర్పడింది. న్యూయార్క్ పట్టు వ్యాపారులు ఆర్థర్ టప్పన్, లూయిస్ టప్పన్ డబ్బు పెట్టారు. అప్పుడే ఆవిరి ప్రెస్సులు వస్తున్నాయి, కాగితం ధర దిగుతోంది. 1835లో ఆ సంఘం పది లక్షలకు పైగా పత్రికలు, కరపత్రాలు అచ్చు వేసి, వాటిలో ఎన్నిటినో దక్షిణాదిలోని పాదిరీలకు, లాయర్లకు, అధికారులకు అడగకుండానే పోస్టు చేసింది. పిల్లల కోసం బొమ్మలతో చిన్న పత్రిక కూడా ఉంది. జూలై 29 రాత్రి సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో ఒక గుంపు పోస్టాఫీసులోకి చొరబడి ఆ సంచులు ఎత్తుకెళ్లింది. మర్నాటి రాత్రి జనం ముందు వాటిని తగలబెట్టారు. గారిసన్, టప్పన్‌ల దిష్టిబొమ్మలు కూడా ఆ మంటల్లోనే వేశారు.

ఇది ఆవేశంలో జరిగిన గొడవ అనుకుంటే పొరపాటు. పోస్ట్‌మాస్టర్ జనరల్ ఏమోస్ కెండాల్ దాన్ని ఖండించలేదు. చట్టానికి మనం కట్టుబడాలి గానీ, మనం బతుకుతున్న సమాజానికి అంతకన్నా ఎక్కువ కట్టుబడాలని రాసి, ఉత్తరాలు ఆపిన పోస్ట్‌మాస్టర్లను వెనకేసుకొచ్చాడు. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఇలాంటి అచ్చు సామగ్రి దక్షిణాదికి వెళ్లకుండా చట్టం చేయమని కాంగ్రెస్‌ను అడిగాడు. కాంగ్రెస్ చేయలేదు, కానీ దక్షిణాది పోస్టాఫీసులు ఆ పత్రికలను పంచకుండా ఆపుతూనే వచ్చాయి. మరుసటి ఏడాది ప్రతినిధుల సభ బానిసత్వం మీద వచ్చిన అర్జీలను చర్చకే తీసుకోకూడదని నియమం పెట్టుకుంది. అది 1844 దాకా నడిచింది. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ముసలి వయసులో సభలో నిలబడి దాన్ని ఏళ్ల తరబడి ఎదిరించాడు.

ఉత్తరాదిలో బానిసత్వం సంగతి పట్టని రైతుకు, దుకాణదారుకు ఇక్కడే మొదటిసారి చురుకు తగిలింది. నల్లవాళ్ల బాధ అతన్ని కదిలించలేదు, అది నిజం. కానీ నా ఉత్తరం ఎవరో విప్పి చూస్తారా, నా అర్జీని సభ ముట్టుకోదా అన్న ప్రశ్న అతని సొంతది. 1838 నాటికి సంఘం లెక్కల ప్రకారం 1,300కు పైగా శాఖలు, సుమారు రెండున్నర లక్షల మంది సభ్యులు. సంచులు తగలబెట్టిన మూడేళ్లలోపే.

ఎలైజా లవ్‌జాయ్ కథ మీకు తెలిసే ఉండొచ్చు, అందుకని పొట్టిగా చెబుతాను. సెయింట్ లూయిస్‌లో పత్రిక నడిపే పాదిరీ. ఫ్రాన్సిస్ మెకింటోష్ అనే నల్లజాతి యువకుణ్ణి గుంపు చెట్టుకు కట్టి సజీవ దహనం చేస్తే, దాన్ని ఖండిస్తూ రాశాడు. ఆఫీసు ధ్వంసం చేశారు. మిసిసిపీ నది దాటి ఇల్లినాయ్‌లోని ఆల్టన్‌కు వెళ్లాడు. అక్కడ మూడు ప్రెస్సులు వరసగా పగలగొట్టారు. నాలుగోది 1837 నవంబర్ 7 తెల్లవారుజామున ఆవిరి పడవలో దిగింది. రాతి గోదాములో దాచి, స్నేహితులతో కలిసి కాపలా కాశాడు. ఆ రాత్రి గుంపు నిచ్చెన వేసి పైకప్పుకు నిప్పు పెట్టబోతే ఆపడానికి బయటికొచ్చాడు. ఐదు తూటాలు తగిలాయి. ప్రెస్సును కిటికీలోంచి కిందకు తోసి, ముక్కలు చేసి నదిలో వేశారు. రెండు రోజులు బతికుంటే అతనికి 35 నిండేవి. పుట్టినరోజునే పూడ్చిపెట్టారు. ఒక ప్రెస్సు కొని తేవడం ఎంత కష్టమో తెలిసినవాడిగా, నాలుగోసారి కూడా తెప్పించిన ఆ మనిషి గురించి చెప్పేటప్పుడు క్లాసులో నా గొంతు సరిగా పలికేది కాదు. భూకంపం వచ్చినట్టు ఖండమంతా కదిలిందని ఆడమ్స్ ఆ చావు గురించి రాశాడు.

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న చోటు ఇది: దక్షిణాది పత్రికల ప్రకటనలు. అమెరికా అచ్చు సామాన్ల దుకాణాల్లో ఒక చిన్న బ్లాకు దొరికేది. భుజాన కర్రకు మూట తగిలించుకుని పరిగెత్తుతున్న మనిషి బొమ్మ. పారిపోయిన బానిస ప్రకటన వస్తే కంపోజిటర్ ఆ బ్లాకు పక్కన పెట్టి, కింద వయసు, రంగు, గుర్తులు, బహుమానం కంపోజ్ చేసేవాడు. మన ప్రెస్సుల్లో శుభలేఖలకు వినాయకుడి బ్లాకు ఎలా రెడీగా ఉండేదో అలాగే. 1837లో బానిసత్వ వ్యతిరేక సంఘం తన నెలవారీ పత్రికలో అదే బ్లాకును అచ్చు వేసి, ఈ బొమ్మను దక్షిణాది మార్కెట్ కోసం మన న్యూయార్క్ నగరంలోనే తయారు చేస్తున్నారని పాఠకులకు చెప్పింది. బానిసత్వం ఎక్కడో దూరంగా ఉందనుకునే న్యూయార్క్ మనిషికి, పక్క వీధిలో పోత పోసిన సీసం ముక్కను చేతిలో పెట్టినట్టయింది.

రెండేళ్లకు, 1839లో, థియడోర్ వెల్డ్, అతని భార్య ఏంజెలీనా గ్రిమ్కే, వదినగారు సారా గ్రిమ్కే కలిసి 'అమెరికన్ స్లేవరీ యాజ్ ఇట్ ఈజ్' అనే పుస్తకం తెచ్చారు. అక్కచెల్లెళ్లిద్దరూ చార్ల్‌స్టన్‌లో బానిసలున్న సంపన్న కుటుంబంలో పుట్టి, ఆ ఇల్లు వదిలొచ్చినవాళ్లు. న్యూయార్క్‌లో ఒక పఠనాలయం తీసేసిన పాత దక్షిణాది పత్రికలు, 20,000కు పైగా ప్రతులు, ఆరు నెలలపాటు రోజూ కూర్చుని చదివి, ప్రకటనలు కత్తిరించారు. వ్యాఖ్యానం తక్కువ. యజమానుల మాటలే ఎక్కువ. 1838 జూలైలో నార్త్ కరోలినాలోని రాలీ పత్రికలో వచ్చిన ప్రకటన ఒకటి అందులో ఉంది. ఇద్దరు పిల్లలతో పారిపోయిన ఒక స్త్రీని పట్టివ్వమని ఆమె యజమాని వేయించుకున్నాడు. ఆమెను గుర్తుపట్టడం ఎలాగో చెబుతూ ఇలా రాశాడు: "పారిపోవడానికి కొన్ని రోజుల ముందు ఎర్రగా కాల్చిన ఇనుముతో ఆమె ఎడమ చెంప మీద వాత పెట్టాను. 'ఎం' అనే అక్షరం వేయడానికి ప్రయత్నించాను."

ఆ మనిషి ఒప్పుకోలు ఇవ్వడం లేదు. పోయిన వస్తువు తిరిగి రావాలని గుర్తులు చెబుతున్నాడు, అంతే. డబ్బు తీసుకుని ఆ పత్రిక అచ్చు వేసింది. ఒక కంపోజిటర్ ఆ 'ఎం' అక్షరాన్ని కేసులోంచి తీసి స్టిక్‌లో పెట్టాడు. ఉత్తరాది వాళ్లు అబద్ధాలు రాస్తున్నారని అంతవరకూ అరిచిన దక్షిణాది ఎడిటర్లకు దీనికి జవాబు లేదు. ఎందుకంటే ఆ అచ్చు వాళ్లదే. పుస్తకం మొదటి ఏడాదే లక్ష ప్రతులు వెళ్లింది. పత్రికారంగంలో ఆధారాలు సేకరించడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ ఈ పుస్తకమే చూపిస్తాను.

ఫ్రెడరిక్ డగ్లస్ గురించి చెప్పకపోతే మీ ప్రశ్నకు జవాబు సగమే. బానిసగా పుట్టినవాడు. 1838లో మేరీలాండ్ నుంచి పారిపోయి వచ్చి, న్యూ బెడ్‌ఫర్డ్‌లో కూలిపని చేసుకుంటూ 'లిబరేటర్' చదవడం మొదలుపెట్టాడు. అదే తన అన్నం, తన నీళ్లు అయిందని రాసుకున్నాడు. తర్వాత గారిసన్ వాళ్ల సభల్లో మాట్లాడేవాడు. అక్కడి తెల్లజాతి మిత్రులు అతనికిచ్చిన సలహా ఏమిటంటే, జరిగింది మాత్రం నువ్వు చెప్పు, సిద్ధాంతం మేం చూసుకుంటాం. ఈ మాట చదివినప్పుడల్లా 1827 నాటి వాక్యం గుర్తొస్తుంది: మా వాదన మేమే వినిపించుకుంటాం. 1847 డిసెంబర్ 3న రాచెస్టర్‌లో డగ్లస్ 'ది నార్త్ స్టార్' మొదలుపెట్టాడు. బ్రిటన్‌లోని మిత్రులు పంపిన డబ్బుతో ప్రెస్సు కొన్నాడు. ఇంకో పత్రిక అవసరం లేదని గారిసన్ వర్గం వారించినా వినలేదు. ఇల్లు తాకట్టు పెట్టాడు. పిల్లలు టైపు పేర్చారు. నాలుగేళ్లకు రాజ్యాంగం విషయంలో ఇద్దరూ విడిపోయారు. రాజ్యాంగమే బానిసత్వంతో రాజీపడిందని, ఓటు రాజకీయాలే వద్దని గారిసన్ వాదన. ఆ రాజ్యాంగంతోనే బానిసత్వాన్ని కొట్టవచ్చని డగ్లస్ వాదన. ఈ విషయంలో డగ్లస్‌దే సరైన దారి అని నేననుకుంటాను. విడిపోయాక గారిసన్ పత్రిక అతని మీద రాసిన రాతలు చదివితే బాధగా ఉంటుంది. మొండితనం లేకపోతే 35 ఏళ్లు పత్రిక నడపలేడు, ఆ మొండితనమే సొంతవాళ్లనూ గాయపరిచింది.

వాషింగ్టన్‌లో గమాలియెల్ బెయిలీ నడిపిన 'నేషనల్ ఎరా' గురించి ఒక్క మాట. 1851 జూన్ నుంచి బానిసల బతుకు మీద హ్యారియెట్ బీచర్ స్టోవ్ రాసిన నవల 'అంకుల్ టామ్స్ క్యాబిన్' అందులోనే వారం వారం సీరియల్‌గా వచ్చింది. పుస్తకంగా వచ్చిన మొదటి ఏడాది అమెరికాలోనే మూడు లక్షల ప్రతులు అమ్ముడైంది. చందాదారుల లెక్క మాత్రమే చూస్తే ఆ చిన్న పత్రికలోంచి ఇది వస్తుందని ఎవరూ అనుకోరు.

పత్రికలే బానిసత్వాన్ని అంతం చేశాయని నేను అనను. 1830లో 20 లక్షలున్న బానిసలు 1860కి 39 లక్షలు దాటారు. అంతం చేసింది ఉత్తరాది, దక్షిణాదిల మధ్య జరిగిన అంతర్యుద్ధం, ఆ యుద్ధంలో తోటలు వదిలి ఉత్తరాది సైన్యం వైపు నడిచొచ్చిన బానిసలు. అయితే యుద్ధం వచ్చేసరికి ఉత్తరాదిలో ఆ ప్రశ్నను దాచేయడం ఎవరివల్లా కాలేదంటే, దాని వెనక ఈ ముప్పై ఏళ్ల అచ్చు ఉంది.

1865 డిసెంబర్‌లో, బానిసత్వాన్ని రద్దు చేసే రాజ్యాంగ పదమూడో సవరణ ఖరారైందన్న ప్రకటనను గారిసన్ తన చేత్తోనే కంపోజ్ చేశాడు. డిసెంబర్ 29న ఆఖరి సంచిక వేసి పత్రిక మూసేశాడు. పని అయిపోయిందన్నాడు. నల్లవాడి చేతికి ఓటు వచ్చేదాకా బానిసత్వం పోయినట్టు కాదని డగ్లస్ అన్నాడు.

1869లో డగ్లస్ కొడుకు లూయిస్‌కు వాషింగ్టన్‌లో ప్రభుత్వ ముద్రణాలయంలో కంపోజిటర్‌గా ఉద్యోగం దొరికింది. చిన్నప్పుడు నాన్న పత్రికాఫీసులో కేసు ముందు నిలబడి నేర్చుకున్న పని అది. ఆ ఊరి కంపోజిటర్ల యూనియన్ అతనికి సభ్యత్వం ఇవ్వలేదు.